పరబ్రహ్మం గారి వడియాల వైపు తిరిగిన సింహం

తిరువూరులో ఎవరి ఇంటి పిట్టగోడ మీదైనా సిమెంటు సింహం కూర్చుని ఉంటే, అది లాజరు మేస్త్రి చేసిందే. గుర్తుపట్టడం తేలిక. ఆ సింహాలన్నిటికీ అతని మామగారి ముఖమే ఉంటుంది.

లాజరు జన్మలో సింహాన్ని చూడలేదు. ఇరవై ఏళ్ల కిందట పెనుగొలనులో మొదటిది చేసినప్పుడు ఇంటివాళ్లు, "కుక్క బాగుంది మేస్త్రీ, కాపలాకి పనికొస్తుంది" అన్నారు. ఆ అవమానంతో మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు రెడ్డిగూడెం నుంచి మామ ఇమ్మాన్యుయేల్ వచ్చాడు. చిన్న కళ్లు, వెడల్పాటి ముక్కు, చెంపల మీదుగా గడ్డంలో కలిసిపోయిన మీసాలు. గుమ్మంలో నిలబడి, "కోడి ఏదీ?" అని గర్జించాడు. లాజరుకి దారి దొరికింది.

అప్పటి నుంచి ఎలివేషన్ పనిలో, అంటే ఇంటి ముందువైపును ముస్తాబు చేయడంలో, ఊళ్లో అతన్ని మించినవాడు లేడు. అయితే ఆ పనిలో ఒక రహస్యం ఉంది. గృహప్రవేశమైన నెలకల్లా ఎవరో ఒక వాస్తు పండితుడు వచ్చి, సింహం ఆగ్నేయం చూడకూడదు, కాస్త తిప్పండి అంటాడు. మొదట్లో లాజరు సింహం కాళ్లలోని కడ్డీలను పిట్టగోడ కడ్డీలకు కట్టి మరీ పోత పోసేవాడు. తిప్పమన్నప్పుడల్లా పగలగొట్టాల్సి వచ్చేది. మూడో సింహం తోక ఊడాక విసుగెత్తి కట్టడమే మానేశాడు. కింద పలచగా సిమెంటు మాలు పరిచి, దాని మీద సింహాన్ని కూర్చోబెట్టడమే. ఎటు తిప్పమన్నా ఇద్దరు మనుషులు, ఒక గునపం, పది నిమిషాలు.

సంగతి విన్న భార్య జ్ఞానమణి బుగ్గలు నొక్కుకుంది. "మా నాన్నని ఊరంతా అట్లా ఎక్కించి, పట్టుకోడానికి ఏమీ ఇవ్వలేదా?"

ఆ డిసెంబరులో ఒక పొద్దున ఏడున్నర వేళ భూమి కదిలింది. గిన్నెలు గలగలమన్నాయి. జనం నోట్లో బ్రష్షులతోనే రోడ్డు మీదికొచ్చారు. ఒక్క గోడా పడలేదు. అందరూ నోరు పుక్కిలించి లోపలికి వెళుతుండగా లాజరుకి మామిడితోటల సీతారామారావు గారు ఫోన్ చేశారు. వెంటనే రమ్మన్నారు.

లాజరు చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్ద సింహం ఆయనదే. రెండు క్వింటాళ్లు. లాజరు డాబా ఎక్కి చూస్తే, నిన్నటిదాకా వీధిని చూసిన ఆ సింహం ఇప్పుడు జానెడు పక్కకు తిరిగి, పొరుగింటి డాబాను తేరిపార చూస్తోంది.

"చూశావా లాజరూ, ఈయన చేసిన పని!" పక్క డాబా మీంచి రిటైర్డ్ టీచరు పరబ్రహ్మం గారు కేక వేశారు. "రాత్రికి రాత్రి మా వైపు తిప్పించారు. మా ఆవిడ శ్యామల వడియాలు పెట్టుకోవద్దూ? అది అట్లా చూస్తుంటే పిండి చేతిలోంచి జారనంటోంది."

"నేనెందుకు తిప్పిస్తానండీ? భూకంపం తిప్పింది!" అన్నారు సీతారామారావు గారు.

"ఓహో! ఊళ్లో చెంబు కూడా దొర్లలేదు. మీ సింహానికి మాత్రం మా వడియాలు చూడాలనిపించిందా? ఏమయ్యా మేస్త్రీ, అది బిగించే ఉందా, లేదా?"

లాజరు ఈ డాబా వైపూ ఆ డాబా వైపూ చూశాడు. బిగించానంటే సీతారామారావు గారు దొంగవుతారు. బిగించలేదంటే ఇరవై ఏళ్ల పేరు గోదాట్లో కలుస్తుంది.

"బిగించే ఉందండీ" అనేశాడు.

"విన్నారా!" పరబ్రహ్మం గారు చప్పట్లు కొట్టారు.

అప్పుడు సీతారామారావు గారి కోడలు సౌజన్య మెట్లెక్కి వచ్చింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. పది నెలల కిందట కూతురు హాసిని పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువును చూసినా, అది పడితే ఎక్కడ పడుతుందో లెక్క వేయడమే ఆమె పని.

"లాజరు గారూ, విజయవాడ బస్సులో కమ్మీ పట్టుకున్నవాడు బస్సుతో పాటే ఊగుతాడు. పట్టుకోనివాడు ఎటు తిరుగుతాడో, ఎవరి ఒళ్లో పడతాడో డ్రైవరుకి కూడా తెలీదు. ఇల్లు ఊగినప్పుడు కిందకన్నా పైన ఊపు ఎక్కువ. మీ సింహం కమ్మీ పట్టుకుందా, లేదా?"

"అమ్మా... సింహం బస్సెక్కదు గదమ్మా."

నవ్వించబోయి సింహం మీద చెయ్యి వేశాడు. దాని కాలి కింద నుంచి వక్కంత మాలు పెచ్చు ఊడి జారింది. లాజరు వంగి చూశాడు. సరిగ్గా కింద, నాయనమ్మ రావమ్మ గారి పక్కన, చలికాలపు ఎండలో కూర్చుని హాసిని ఉప్మా తింటోంది. పెచ్చు వెళ్లి ఆ గిన్నెలోనే పడింది. హాసిని దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, జీడిపప్పు అనుకుని నోటి దగ్గరికి తీసుకుపోయింది.

"అమ్మగారూ, అది తీసెయ్యండి! పాపని లోపలికి తీసుకెళ్లండి!" లాజరు కేకకు రావమ్మ గారు ఉలిక్కిపడి, పెచ్చు లాగేసి, పాపనెత్తుకుని లోపలికి పరిగెత్తారు.

లాజరు పిట్టగోడ దగ్గరే కూలబడ్డాడు. "కట్టలేదండీ. ఒక్క సింహాన్నీ కట్టలేదు."

"మరి..." అన్నారు పరబ్రహ్మం గారు మెల్లగా, "మా ఇంటి మీద హంసలో?"

"హంసలు కూడానండీ."

పరబ్రహ్మం గారు హంస మెడ మీద వేసిన చెయ్యి తీసేసి, మూడు అడుగులు వెనక్కి నడిచారు.

ఆ మధ్యాహ్నమే లాజరు తాళ్లూ కప్పీ తెచ్చి పెద్ద సింహాన్ని దింపి, గేటు పక్కన నేల మీద పెట్టాడు. ఆ తర్వాత తన సింహాలున్న మిగతా ముప్ఫై ఒక్క గడపలూ ఎక్కాడు. ప్రతి ఇంట్లోనూ ముందు "నేనే కట్టలేదండీ" అని చెప్పుకోవడం, తర్వాత తిట్లు తినడం, తర్వాత సింహాన్ని దింపడం. దింపవద్దని పట్టుబట్టిన నలుగురి ఇళ్లలో పిట్టగోడ తొలిచి కడ్డీలు కట్టాడు. కడ్డీ ఎంత లోతు దిగిందో సౌజన్య టేపుతో కొలిచి చూసింది.

ఒక ఆదివారం ఇమ్మాన్యుయేల్ బస్సు దిగాడు. ఇంటికి తీసుకెళుతున్న అల్లుణ్ణి సీతారామారావు గారి గేటు దగ్గర ఆపాడు. హాసిని సింహం మీసం పట్టుకుని నిలబడి, దాని నోటికి ఉప్మా పూస్తోంది. ఆ పిల్ల సింహాన్ని చూసింది, ఇమ్మాన్యుయేల్‌ను చూసింది. మళ్లీ సింహాన్ని చూసింది. రెండో ముద్ద ఆయన వైపు చాచింది.

ఆయన వంగి నోరు తెరిచాడు.

"మంచిపని చేశావు అల్లుడూ" అన్నాడు మామ, మీసాలు తుడుచుకుంటూ. "పైన ఎండ ఎక్కువగా ఉండి ఉంటది. అది సరే గానీ, కోడి ఏదీ?"