మోగే రాయి

కామాటిపుర గల్లీల్లో నడిచేటప్పుడు మొగులయ్య వేలు మడిచి గోడలను తడుతూ పోతాడు. తాత రాళ్లు చెక్కిన మనిషి. మంచి రాయి ఖంగున మోగుతుందని ఆ ఇంట్లో అందరికీ నమ్మకం. వరస గదుల చాల్‌లో, తన గది కిటికీ పక్కన మొగులయ్యకో గాజు తొట్టి ఉంది. అందులో వర్లి నుంచి డబ్బాతో మోసుకొచ్చిన సముద్రపు నీళ్లు, కూతురు మంగళ ప్రాణంలా చూసుకునే ఒక్క నారింజరంగు చేప. సన్నటి జీవాలు అంటుకొని బతికే సముద్రపు రాయి వేస్తే నీళ్లు చెడవని విని, ఫాక్‌లాండ్ రోడ్డులో చేపలమ్మే సాయిలు దగ్గరికి వెళ్లాడు. సాయిలు అదే చాల్‌లో తనతో పెరిగినవాడు. "నీ కోసం అలగ్ పెట్టిన అన్నా. కొట్టి సూడు" అన్నాడు. మొగులయ్య తట్టాడు. ఖంగుమంది. మురిసిపోయి కొన్నాడు.

మర్నాడు పొద్దున తొట్టిలో కుళ్లు వాసన. చేప చచ్చి తేలింది. మంగళ లేవకముందే మొగులయ్య దుకాణానికి పరుగెత్తాడు. బల్ల కింద టబ్బులో, తడి గోనె చాటున, అసలు రాళ్లు కనిపించాయి. ఒకదాని మీద గోరంత పీత పాకుతోంది. తట్టి చూస్తే మోగలేదు.

"జీవాలన్నీ ఎండి సచ్చిన రాయి నాకు అంటగట్టినవ్‌రా?"

సాయిలు నవ్వాడు. "మోగనిది నువ్వు కొంటవా అన్నా? తట్టి సూసే నీ ఆదత్ నాకు ఎరుకలేదా? నీ కోసమనే మేడ మీద ఎండబెట్టిన."

మొగులయ్య తిరిగొస్తూ ఏ గోడనూ తట్టలేదు. గదిలో మంగళ అప్పటికే లేచింది. చేప కదులుతుందేమోనని, అచ్చం నాన్నలా వేలు మడిచి గాజును తడుతోంది.