గంధం పూసిన క్యాసెట్

మా సింగానల్లూరులో మిల్లు కార్మికుల కొడుకులు నలుగురు కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టారట. కోయంబత్తూరు కాలేజీలన్నిటా ఒకప్పుడు వాళ్ల పేరే మోగింది. మా నాన్న ఇప్పటికీ ఆ పాటలు కూనిరాగం తీస్తుంటాడు. ఆ నలుగురూ ఇప్పుడు లేరు. వాళ్ల చరిత్ర రాద్దామని తిరిగితే, మిగిలిన క్యాసెట్ ఒక్కటేననీ, అది గాయకుడి భార్య దగ్గరుందనీ తెలిసింది.

పోయిన నెల పాత టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. అవ్వ పూజగదిలోంచి క్యాసెట్ తెచ్చింది. దాని సందుల నిండా గంధం గడ్డకట్టి ఉంది.

"ఇదేంటవ్వా?"

"ఆయుధ పూజకి నా కొడుకు లేత్ మిషన్ కడిగి బొట్టు పెడతాడు గదా కణ్ణు, నా బంగారూ. ఇది మా ఆయన ఆయుధం. ఏటా నేనే సబ్బునీళ్లతో కడిగి గంధం పూస్తా ఉండాను. వినేదానికి మా ఇంట్లో పాటల పెట్టె ఏది?"

ఏటా సబ్బునీళ్లతో కడిగితే టేపులో పాట మిగిలి ఉంటుందా? అయినా క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. టేపు మూలుగుతూ తిరిగింది. బరబర తప్ప ఏమీ లేదు. కొన్నేళ్ల ముందే వచ్చి ఉండాల్సింది!

ఎలా చెప్పాలా అనుకుంటుండగా అవ్వ నా మోచేయి పట్టుకుంది.

"ఉండు కణ్ణు. ఆయన ఎప్పుడూ అంతే. పాడే ముందు శానాసేపు ఊరికే నిలబడతాడు."

ఆపడానికి నాకు చేతులు రాలేదు. ఆ వైపు టేపు అయిపోయేదాకా ఇద్దరం కూర్చుని విన్నాం.