మిర్చి కింద గ్రౌండు

నల్లపాడు స్టేషన్ బెంచీ మీద పక్కనున్న పెద్దాయనకి మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు గొప్పలు చెబుతున్నాను. మా గోల్‌కీపర్ ఓసారి పిడుగుని కూడా పట్టి అవతలికి విసిరేశాడన్నాను. ఆయన నవ్వలేదు.

"ఎండాకాలం ఆటల్లేవుగా, గ్రౌండు ఏం చేశారండీ?"

"మిర్చి ఆరబోసుకోడానికి ఇచ్చింది కమిటీ. ఈ ఒక్క వేసవికేలెండి."

"మా క్లబ్బూ అదే అంది. ముందు మిర్చి మీద కప్పిన పట్టలు గాలికి లేవకుండా గోల్ నెట్లు విప్పి కప్పారు. తర్వాత లారీలకి అడ్డమని గోల్ స్తంభాలు పీకేశారు. ఇప్పుడక్కడ కోల్డ్ స్టోరేజి ఉంది."

ఆయన రైలొస్తే ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను మా ఊళ్ళో దిగి తిన్నగా గ్రౌండుకే పోయాను. స్తంభాలు నిలబడే ఉన్నాయి. నెట్లు మాత్రం మిర్చి కుప్పల మీదున్నాయి. లారీ వెనక్కి తిప్పుతూ డ్రైవరు అరుస్తున్నాడు: "ఒరేయ్, ఈ గుంజలెవడు పాతాడ్రా ఇక్కడ?"