చూడకుండానే ‘చూశాం’

2006 ఏప్రిల్‌లో మా కంపెనీ చేతులు మారింది. అప్పటికి నేను ‘రంగులవాడ’ అనే వెబ్‌సైటులో సభ్యుల సేవల విభాగానికి జనరల్ మేనేజర్‌ని. ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసు పై అంతస్తులో మా కార్యాలయం ఉండేది. హైటెక్ సిటీ వైపు మా తోటివాళ్ళంతా విదేశీ బ్యాంకులకు ప్రోగ్రాములు రాస్తూ కార్లు కొనుక్కుంటుంటే, మేం మాత్రం సినిమావాళ్ళ కోసం సైటు నడిపేవాళ్ళం. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, మేకప్ వాళ్ళు తమ ఫొటోలు, వివరాలు అందులో పెట్టుకునేవారు. ఒకరితో ఒకరు కబుర్లాడుకునేవారు, తీరిక దొరికితే తిట్టుకునేవారు. నటులు కావలసిన ఆఫీసులు ఆడిషన్ ప్రకటనలు పెట్టేవి. సాయంత్రమైతే కృష్ణానగర్ నెట్ సెంటర్లలో సగం తెరల మీద మా సైటే కనబడేది.

ఈ రంగంలో అసలు బెడద దొంగ ఆఫీసులతో. ఒక గది కిరాయికి తీసుకుని, గోడకు రెండు పోస్టర్లు అంటించి, కొత్త ముఖాలు కావాలంటారు. ఆల్బం ఫొటోల పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్ళు కొందరైతే, అంతకన్నా నీచులు ఇంకొందరు. అందుకని ప్రకటన ఇచ్చే ప్రతి ఆఫీసుకూ మా మనిషి స్వయంగా వెళ్ళి రావాలన్నది నియమం. ఒకసారి ముందుగా చెప్పి, మరోసారి చెప్పకుండా. రెండోసారీ అదే మనుషులు, అదే పని కనబడితేనే ఆ ఆఫీసు పేరు పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో ‘చూశాం’ అన్న గుర్తు పడేది. ఇది ఉచితం.

ఈ పని చూసే డిప్యూటీ మేనేజర్ విజయ సిద్దిపేట మనిషి. సోషల్ వర్క్‌లో ఎమ్మే చేసింది. నోరు పదును, కాళ్ళు చురుకు. రెండుసార్లు వెళ్ళడం దండగ కాదా అని ఎవరైనా అంటే ఒకటే జవాబు ఇచ్చేది. “చెప్పి పోతే అందరు మంచోళ్ళే సార్.”

యూసుఫ్‌గూడలో ఒక చీరల షాపులో పనిచేసే మౌనిక అనే అమ్మాయి మా సభ్యురాలు. సెలవు రోజుల్లో గుంపు సీన్లలో నిలబడేది, ఎప్పటికైనా నాలుగు మాటలున్న వేషం రాదా అని ఆశ. జనగామలో ఉన్న తల్లికి ఇది బొత్తిగా ఇష్టం లేదు. విజయే ఫోన్‌లో మాట్లాడి ఆమెను ఒప్పించింది. తల్లి రెండు షరతులు పెట్టింది. షాపు ఉద్యోగం వదలకూడదు, ‘చూశాం’ గుర్తు లేని ఆఫీసు మెట్లెక్కకూడదు. ఏది తప్పినా హైదరాబాద్ వదిలి ఇంటికి వచ్చెయ్యాలి. మా గుర్తును నమ్ముకుని నగరంలో ఉన్న ఆడపిల్లలు ఇంకా చాలామంది ఉండేవారు, ఈమె సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఇక కొత్త యజమాని. ఆయన్ని అందరూ ఛైర్మన్‌గారు అనేవాళ్ళం. కోస్తా జిల్లాల్లో రోడ్ల కాంట్రాక్టులతో మొదలుపెట్టి, నగరం చుట్టూ భూముల ధరలు ఆకాశానికెక్కడంతో వేల కోట్లకు పడగెత్తారు. జూబ్లీహిల్స్‌లో కొండరాయి తొలిచి ఇల్లు కట్టారు. నిర్మాతగా సినిమా తీస్తానని ఆయన ప్రకటించగానే మా సభ్యులు సైటులో ఆయన్ని ఆటపట్టించారు. ఆ నోళ్ళు మూయించలేక ఏకంగా సైటునే కొనేశారని ఫిల్మ్ నగర్‌లో అనుకున్నారు. నేను కాదనలేను.

మొదటి వారంలో వాస్తు పండితుడు వచ్చాడు. విజయ బృందం కూర్చునే గది ఈశాన్యంలో ఉందని, అక్కడ బరువు పనికిరాదని గోడ కొట్టించారు. గోడ పడ్డాక, అందులో కూర్చునేవాళ్ళు ఏం చేస్తారన్న సందేహం ఛైర్మన్‌గారికి వచ్చింది. ఆఫీసులు చూసొచ్చి గుర్తు ఇస్తారని చెప్పాను. “ఉచితంగానా అండీ?” అని నావైపు జాలిగా చూశారు.

ఆ తర్వాత నిర్ణయం చకచకా జరిగిపోయింది. రుసుము కట్టిన ఎవరికైనా గుర్తు వెంటనే పడుతుంది. వెళ్ళి చూసే పని లేదు కాబట్టి విజయతో సహా ఆ బృందం మొత్తాన్ని తీసేశారు. సైటులో ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. నేను అభ్యంతరం రాసిచ్చాను. అమ్మదలుచుకుంటే అమ్మండి, కనీసం ఆ మాటైనా మార్చండి, చూడకుండా ‘చూశాం’ అని ఎలా రాస్తామని అడిగాను. ఆయన నవ్వి, “ఆ మాటకే కదండీ రేటు!” అన్నారు. తల గోడకేసి కొట్టుకుందామంటే గోడ కూడా లేదు.

డబ్బు కట్టినవాడూ, గుర్తు మీద పేరున్నవాడూ ఒకరేనా అని సరిచూసే ఏర్పాటు ఇంకా తయారుకాలేదని, మూడు వారాలు ఆగమని మా సాఫ్ట్‌వేర్ అధిపతి బతిమాలుకున్నాడు. కుదరదన్నారు. ఆషాఢం ముంచుకొస్తోంది, అందులో కొత్త పని మొదలుపెట్టరు, శ్రావణం దాకా ఆగడం ఛైర్మన్‌గారి వల్ల కాదు. సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టేశారు. అసంపూర్తిగా ఉన్న ప్రోగ్రాముకు కొబ్బరికాయ కొట్టి, సినిమాకు కొట్టినట్టే కంప్యూటర్ ముందు క్లాప్ కొట్టించారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పంచాంగం చూసి టెస్టింగ్ మానేసిన కంపెనీని నేనింకొకదాన్ని చూడలేదు.

ఫలితం కూడా ముహూర్త బలంతోనే వచ్చింది. ఎవరో మోసగాళ్ళు రుసుము కట్టి గుర్తు కొన్నారు, అదీ ఛైర్మన్‌గారి సొంత సినిమా కంపెనీ పేరుతో! ఆయన సైటులోనే, ఆయన పేరునే, ఆయన పెట్టిన రేటుకే కొన్నారు. కొత్తవాళ్ళు కావాలని ప్రకటన పెట్టి, వచ్చినవాళ్ళకు ఫొటోలు తీసి, అందరినీ ఎంపిక చేశారు. షూటింగ్ ఏకధాటిగా సాగుతుంది, వేరే ఉద్యోగాలుంటే మానుకోండి, సోమవారం పొద్దున ఛైర్మన్‌గారి ఇంటికి రండి అని చెప్పి, ఫొటోల డబ్బుతో మాయమయ్యారు.

సోమవారం నాకు ఛైర్మన్‌గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు రోడ్డు నిండా జనం. కొందరు మేకప్ వేసుకుని వచ్చారు, కొందరు సూట్‌కేసులతో వచ్చారు. లోపల వరండాలో ఛైర్మన్‌గారు మండిపడుతున్నారు. “ఏంటండీ ఈ గోల? మీ సైటు వాళ్ళేనంటగా, పంపించెయ్యండి.” కొన్నది ఆయన, గోల మాత్రం నాది! గుర్తు సంగతి వివరించాను. ఎవడో వెధవ మోసం చేస్తే తనకేం సంబంధమన్నారు. ఆ జనానికి సర్దిచెప్పగలిగే మనిషి ఒక్కరే ఉన్నారు, ఆమెను మనమే తీసేశామన్నాను. పిలిపించమన్నారు.

విజయ ఆటోలో వస్తే నేను గేటు దాకా ఎదురెళ్ళాను. అక్కడే ఒక బ్యాగు పట్టుకుని మౌనిక నిలబడి ఉంది. షాపులో పని మానేసి వచ్చిందట. అది విని విజయకు కోపం ముంచుకొచ్చింది.

“నన్ను జర ఒక్క మాట అడగొద్దా?”

“గుర్తు ఉండె కద మేడం,” అంది మౌనిక. “మీరు చూసొచ్చిన్రనుకున్న.”

విజయ ఆమె చేతిలోని బ్యాగు తీసుకుని గేటు పక్కన నీడలో పెట్టింది. నాతో లోపలికి వచ్చింది. రేపట్నుంచి ఉద్యోగంలో చేరమని ఛైర్మన్‌గారు నాతో చెప్పించబోతే, ఆమె నన్ను దాటి నేరుగా ఆయనకే చెప్పింది. “ముందు మీరు గేటు కాడికొచ్చి, చూడకుండనే చూసినమని రాసినం అని వాళ్ళకు చెప్పుర్రి. గప్పుడు చేరుత.”

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఆయన కార్యాలయం నుంచి ప్రకటన వెలువడింది. సాంకేతిక లోపం వల్ల అసౌకర్యం కలిగిందట. సాంకేతిక లోపం ఎక్కడుంది? ఆ యంత్రం చెప్పిన పని చెప్పినట్టు చేసింది. మౌనిక షాపుకు తిరిగి వెళితే అక్కడ అప్పటికే వేరే అమ్మాయి చీరలు మడతపెడుతోంది.

మర్నాడు తల్లి జనగామ నుంచి వచ్చింది. విజయ, నేను బస్టాండుకు వెళ్ళాం. మీ అమ్మాయి గుర్తు చూసుకునే వెళ్ళింది, తప్పు ఆమెది కాదని చెప్పాను. ఆ తల్లి నావైపు చూడను కూడా లేదు. “నీ మాట మీదనే పిల్లను గీడ ఉంచిన బిడ్డా,” అని విజయతో ఒక్క మాట అని, కూతుర్ని బస్సెక్కించింది.

శ్రావణంలో, మళ్ళీ ముహూర్తం చూసుకునే, గుర్తు అమ్మడం ఆపేశారు. కొత్తవాళ్ళను పెట్టి ఆఫీసులకు పంపించారు. వాళ్ళు నిజంగానే వెళ్ళి చూసొచ్చేవారు, కానీ ఎవరూ నమ్మలేదు. కృష్ణానగర్ అమ్మాయిలు ప్రకటన చూసి విజయ ఇంటికి ఫోన్ చేసేవారు. మన జనానికి వ్యాపారం అర్థం కాదని ఛైర్మన్‌గారు చివరిదాకా విసుక్కుంటూనే ఉన్నారు. నేను ఆ ఏడాదే బయటికి వచ్చేశాను.

తర్వాత పనిచేసిన రెండు కంపెనీల్లోనూ నేనొక నియమం పెట్టించాను. ఏ తనిఖీనైనా మానేస్తే, ఆ తనిఖీ జరిగిందని చెప్పే ముద్రను అదే రోజు తీసెయ్యాలి. ఖర్చు తగ్గించుకోవడం యజమాని ఇష్టం, కానీ మానేసిన పని పేరు వాడుకునే హక్కు ఆయనకు లేదు. ఈ నియమం దేనికని అడిగినవాళ్ళకు జనగామ బస్సు సంగతి చెప్పేవాణ్ణి.