పంటు మీద బదులు చిట్కా

డెబ్బైల చివర్లో వరంగల్‌లో పాలిటెక్నిక్ ముగించి, అమలాపురంలో ఇంటర్వ్యూకి బయలుదేరాను. కోటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కి అరటిగెలల పక్కన నిలబడ్డాను. గెల కాడ నుంచి కారిన పసరు నా తెల్లచొక్కా జేబుకి అంటుకుంది. వెంట మరో చొక్కా లేదు.

కడుపులో తిప్పకుండా నిమ్మకాయ వాసన చూసుకుంటున్న ఒక పెద్దావిడ అది గమనించింది.

"ఆరకముందే నిమ్మరసం రుద్దితే మరక పడదండీ. ముందు మీరో చిట్కా చెప్పాలి. బదులివ్వకుండా పుచ్చుకుంటే పనిచెయ్యదు."

"నాకు అట్లాంటి నమ్మకాలు లేవమ్మా."

"నిమ్మకాయ నాది కదండీ!"

ఒడ్డు దగ్గరపడుతోంది. ఎలాగైనా ఒకటి చెప్పి తీరాలనుకున్నాను. బియ్యంలో వేపాకు వేయమన్నాను.

"మా అమ్మమ్మకే తెలుసండీ."

ఉప్పు చెమ్మగిల్లకుండా నాలుగు బియ్యపు గింజలన్నాను.

"ఇంత చదివి ఇవేనాండీ?"

చుట్టూ నవ్వారు. చివరికి చదువునే అందుకున్నాను.

"స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే, లోపలిదాంట్లో చన్నీళ్లు పోసి, బయటిదాన్ని వేన్నీళ్లలో ఉంచండి."

"ఆయ్, ఇది కొత్తదండీ!" అంటూ నిమ్మకాయ కోసి ఇచ్చింది.

ఉద్యోగం వచ్చింది. సాయంత్రం తిరుగు పంటు ఎక్కుతుంటే, ఎవరో ఒకావిడ నా జేబు వంక చూసి పలకరించింది.

"మరక పోయిందన్నమాట! మీకు నిమ్మకాయ ఇచ్చిన మా వదిన చెప్పిందండీ. మా ఇంట్లో గ్లాసులూ ఊడొచ్చేయి."

అప్పటికి కొత్త బూట్లు కరిచి నేను కుంటుతున్నాను. దానికేం చెయ్యాలో ఆవిడని అడగాలి.

"ముందు ఒక చిట్కా చెప్తాను, వినండి" అన్నాను.