పుట్టగొడుగును తిరగేసి చూసిన మా అక్క

పోయిన సోమవారం ఎమ్మిగనూరులో మా తోడికోడలు పోయింది. కబురు అందేటప్పటికి నేను ఆదోని బడిలో పాఠం చెబుతున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. ఆమెకు తెలిసినవి ఇక ఎవరికీ తెలియవన్న ఆలోచన ముందు వచ్చింది. అందులో కొంచెం ఊరట కూడా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

పెద్దకోడలు కాబట్టి అక్కా అనేదాన్ని. అప్పట్లో ఒకే ఇంట్లో కాపురం. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది, నేను బి.ఎస్సీ. చదివి సైన్సు టీచరునయ్యాను. వాళ్ల నాన్న ఫారెస్టు వాచరు. చిన్నప్పుడు ఆయన వెంట తిరిగి, మానులకు చెక్కలా అంటుకుని పెరిగే పుట్టగొడుగులను గుర్తుపట్టడం నేర్చుకుంది.

డెబ్బైల చివర ఒక వానాకాలం, మా బడి ఆడపిల్లలను తుగ్గలి అవతలి అడవికి తీసుకుపోతూ, వంటకు సాయంగా ఆమెనూ రమ్మన్నాను. పడిపోయిన తుమ్మమాను మీద నల్లటివి రెండు కనిపిస్తే, రెండూ ఒకే జాతి అని పిల్లలకు చెప్పాను. ఆమె వంగి రెండింటినీ ఊడదీసి తిరగేసింది. ఒకదాని అడుగున తేనెపట్టు లాంటి గదులు. ఇంకోదానికి సూదితో పొడిచినంత సన్నటి రంధ్రాలు.

"పైన జూస్తే అన్నీ ఒకటే సెల్లీ. కింద జూడల్ల," అంది.

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. సాయంత్రం దాకా పిల్లలు ఆమె వెనకే తిరిగారు.

మరుసటి ఏడు ఆమెకు బస్సులో చోటు లేదని చెప్పాను. తెల్లారేసరికి అందరికీ జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి కట్టి పెట్టింది. ఆ రోజు చింతమాను మొదట్లో ఎన్నడూ చూడనిది ఒకటి దొరికింది. జానెడు వెడల్పు, అడుగంతా తెలుపు. మరునాడు పొద్దంతా పుస్తకాలు వెతికినా తేలలేదు. చివరికి తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను.

బియ్యం చెరుగుతున్న ఆమె గోటితో అడుగున గీసింది. తెలుపు మీద గోధుమరంగు గీత తేలింది. వాళ్ల నాన్న దీన్ని కాగితం పుట్టగొడుగు అనేవాడట. ఎండితే గీత చెరగదట. ఏ మానుకుందని మాత్రం అడిగింది. చెప్పాను. ఉండబట్టలేక ఇంకొకటీ చెప్పాను.

"బస్సులో సీట్లుండె అక్కా."

"తెలుసు. డ్రైవరు మన వీధోడే గదా."

తెలిసీ రొట్టెలు కట్టింది. ఆమె కంటిచూపు కన్నా దానికే ఎక్కువ అసూయపడ్డాను. ఆ తరువాత ప్రతి ఏడూ ఆమెను వెంట తీసుకుపోయాను. పుట్టగొడుగుల గురించి ఇవాళ నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆమె పెట్టినవే. అసూయ మాత్రం తగ్గలేదు.

సీట్ల సంగతి చెప్పిన ఆ రోజు ఆమె చాట పక్కన పెట్టి, తలపిన్ను తీసి, ఆ పుట్టగొడుగు అడుగున గుండ్రటి అక్షరాలతో నా పేరు రాసింది, బడి బీరువాలో పెట్టుకోమని. వత్తు దగ్గర పిన్ను ఆపి, సరిగ్గా ఉందా అన్నట్టు నా వైపు చూసింది.