ఏడాది పాసు, నడుము లోతు నీళ్లు

మా అత్తయ్య వంటింటి గడప దగ్గర జారిపడిన నాటికి ఆవిడకు అరవై నాలుగేళ్లు. తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకెళ్తే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. కుట్లు విప్పారు, గాయం మానింది, ఎక్స్‌రేలో ఎముక అతుక్కున్నట్టు కనిపించింది. అన్నీ బాగానే ఉన్నాయి గాని ఆవిడ మాత్రం ఆ కాలు నేలకు ఆనించలేదు. వాకర్ పట్టుకుని ఒంటికాలి మీద బాత్రూమ్ దాకా వెళ్లటం, వచ్చి మంచం మీద కూర్చోవటం, అంతే. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

మాది మంగళగిరి. అత్తయ్య నలభై ఏళ్లు గుంట మగ్గం మీద చీరలు నేసిన మనిషి. గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పలకలు తొక్కిన ఆ కాళ్లను ఇప్పుడు దిండు మీద పెట్టుకుని, అవి తనవి కానట్టు చూస్తుండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ గొంతు వీధి చివరికి వినపడేది. ఇప్పుడు పక్కగదిలోకి కూడా వినపడటం లేదు. నాకు అది భయంగా ఉండేది. మా ఆయన చీరల కొట్టు నుంచి రాగానే "అమ్మ నడిచిందా?" అని అడిగేవారు. లేదని చెప్పలేక నేను కాఫీ కలపటానికి లోపలికి వెళ్లేదాన్ని.

ఫిజియోథెరపీ చేయించటానికి వచ్చే అమ్మాయి ఒకరోజు నన్ను వసారాలోకి పిలిచింది.

"నొప్పి కాదండి అది. భయం. మళ్లీ పడతానేమోనని కాలు మోపటం లేదు. నడుము లోతు నీళ్లలో నడిపించండి. నీళ్లలో ఒంటి బరువు తెలియదు. వారానికి మూడు రోజులు చేసినా చాలు, మీకే తేడా తెలుస్తుంది."

డాక్టరుగారిని అడిగితే ఆయన కూడా సరేనని చీటీ రాసిచ్చారు. కానీ నడుము లోతు నీళ్లు ఎక్కడున్నాయి? కాలవలో దింపలేం. ఊళ్లో ఈతకొలను ఉందిగాని మెట్లు లేవు, ఇనప నిచ్చెన పట్టుకుని దిగాలి. పైగా ఆడవాళ్లకు విడిగా సమయం లేదు. ఆ చీటీ దేవుడి పటం వెనక మూడు వారాలు ఉండిపోయింది.

దారి చూపింది మా అమ్మాయి. అది అప్పుడు ఏడో తరగతి. హైవే మీద ఉన్న ఒక థీమ్ పార్కు టికెట్లు స్కూల్లో తగ్గింపు ధరకు ఇస్తున్నారని, తీసుకోమని వారం రోజులుగా నా ప్రాణం తీస్తోంది.

"ఇప్పుడు నాయనమ్మని ఒదిలేసి ఆ ఊయలలు ఎక్కటానికి ఎట్టా వస్తామే?" అన్నాను విసుగ్గా.

"నాయనమ్మని కూడా తీసుకుపోదాం. అక్కడ సగం నీళ్లేగా. కూర్చుంటే పొట్ట దాకా, నిలబడితే మోకాళ్ల దాకా, ఇంకోచోట నడుం దాకా, ఎంత లోతు కావాలంటే అంత" అంది.

చేతిలో పని ఆపి దాని మొహం వంక చూశాను. మర్నాడే మూడు టికెట్లకు డబ్బులిచ్చి పంపాను.

ఉగాది దాటాక ఒక శుక్రవారం సెలవొచ్చింది. ఆటో మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. అత్తయ్యకు ఇష్టం లేదు. మనవరాలి కోసం వచ్చింది. పార్కు తెరిచే వేళకు చేరుకుంటే అప్పటికే టికెట్ల దగ్గర పెద్ద వరస ఉంది. మా వంతు వచ్చేసరికి అరగంట పట్టింది. కిటికీ వెనక కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి మా టికెట్లను ఒకసారి చూసి వెనక్కి తోశాడు.

"ఇవి ఇవాళ చెల్లవండి."

"ఇవాళ శుక్రవారమేగా? సోమవారం నుంచి శుక్రవారం దాకా అని రాశారుగా."

ఆయన టికెట్టు తిరగేసి పెన్ను మొనతో చూపించాడు. చీమ తలకాయలంత అక్షరాలు. ప్రభుత్వ సెలవు రోజుల్లో ఈ టికెట్టు పనిచేయదు అని ఇంగ్లీషులో ఉంది. పిల్లకు సెలవని బయల్దేరాం. ఆ సెలవే అడ్డం వచ్చింది.

"ఇంకోరోజు రండి, ఈ నెలాఖరు దాకా చెల్లుతుంది. లేదంటే తేడా కట్టండి, మామూలు టికెట్ల కింద మార్చి రసీదిస్తా" అన్నాడు. కసురుకోలేదు. వెనక జనం తోసుకుంటున్నా నా జవాబు కోసం ఆగాడు.

అత్తయ్య వాకర్ మీద బరువంతా వేసి నిలబడి ఉంది. చెమటకు నుదుటి మీద బొట్టు కారింది.

"పోదాం పదమ్మాయ్. నాకు రాసిపెట్టి లేదు" అంది.

అప్పుడు ఇంటికి తిరిగి వెళ్తే ఆవిడ మళ్లీ గడప దాటదని నాకు తెలుసు. పర్సు తీసి తేడా కట్టేశాను. ఆయన ఇచ్చిన రసీదు నాలుగు మడతలు పెట్టి పర్సు లోపలి అరలో దాచాను. అది ఎందుకన్నా పనికొస్తుందని కాదు, నా అలవాటు అది.

లోపలికి వెళ్లాక ఇంకో ఇబ్బంది. నూలు బట్టలతో నీళ్లలోకి దిగకూడదట. నైలాన్ దుస్తులు వేసుకోవాలట, లేకపోతే అక్కడే అద్దెకు తీసుకోవాలట. నూలు పోగులు ఊడి యంత్రాల్లో చిక్కుకుంటాయని అక్కడి మనిషి చెప్పాడు.

"మా నేతలో పోగు ఊడుద్దా? ఎవరయ్యా చెప్పింది?" అంది అత్తయ్య. నాలుగు నెలల తర్వాత ఆ గొంతు అంత గట్టిగా వినటం అదే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మా అమ్మాయి పరిగెత్తి వెళ్లి మణికట్టు దాకా చేతులు, చీలమండ దాకా పొడవు ఉన్న నల్ల నైలాన్ డ్రెస్సు ఒకటి వెతికి తెచ్చింది. గదిలో దాన్ని తొడగటానికి మా ఇద్దరికీ పావుగంట పట్టింది. అత్తయ్య పైన తువ్వాలు కప్పుకుని తలుపు సందులోంచి తొంగిచూసింది.

"మన వీధోళ్లు ఎవరన్నా ఉన్నారేమో చూడు ముందు" అంది.

నీళ్ల దగ్గర ఎర్ర టీషర్టు వేసుకున్న అమ్మాయి ఈల పట్టుకుని కాపలా ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. వాకర్ చూసి ఎదురొచ్చింది. ఆపరేషన్లయిన వాళ్లు, గుండెజబ్బు వాళ్లు, గర్భిణులు రైడ్లు ఎక్కకూడదని అక్కడున్న బోర్డు చూపించింది. మేం రైడ్లు ఎక్కటానికి రాలేదని చెప్పి డాక్టరు చీటీ చేతికిచ్చాను. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది.

"నడవటానికైతే అటు పక్క రండక్కా. అక్కడ అలలు రావు. గోడ పొడవునా పట్టుకోవటానికి కమ్మీ ఉంది. మాది వినుకొండ. మా అమ్మమ్మకి కూడా ఇట్టాగే కాలిరిగింది. ఇంట్లోనే కూర్చోబెట్టాం, ఇక లేవలా" అంది.

వాలుగా ఉన్న దారిలో నేనూ మా అమ్మాయీ చెరో చెయ్యీ పట్టుకుని అత్తయ్యను దింపాం. చీలమండలు, మోకాళ్లు, నడుము. నీళ్లు నడుము దాటేసరికి ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. అక్కడ నిలబడి కళ్లు మూసుకుంది. పిల్లల కేకలు, నీళ్ల చప్పుడు. కొంతసేపటికి ఆ కాలు ముందుకు జరిగింది. నీళ్లలోంచి నాకు స్పష్టంగా కనిపించింది, పాదం నేలకు ఆనింది. తర్వాత రెండోది. మళ్లీ అది.

"బరువు లేదే" అంది నెమ్మదిగా.

కమ్మీ చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగాం. ఆ రోజు మధ్యమధ్య కూర్చుంటూ ఆరుసార్లు అటూ ఇటూ నడిచింది. మా అమ్మాయి జారుడుబల్లల మీద నుంచి వచ్చిన ప్రతిసారీ "ఎన్నయినయ్ నాయనమ్మా?" అని అడిగి పోయేది.

సాయంత్రం నాలుగున్నరకు బట్టలు మార్చుకుంటుంటే నాకు కొత్త దిగులు పట్టుకుంది. ఇవాళ నడిచింది సరే, ఎల్లుండి? వారానికి మూడుసార్లు ఈ టికెట్లు కొనటం మావల్ల కాదు. ఆ మాటే వినుకొండ అమ్మాయితో అన్నాను.

"పాసు తీసుకోండక్కా. ఏడాదంతా రావచ్చు. ఇవాళ్టి టికెట్టు డబ్బులు అందులో తగ్గిస్తారు. అయితే గేటు దాటకముందే మార్చుకోవాలి. బయటికెళ్తే ఇక కుదరదు. అయిదింటికి ఆ కౌంటరు మూసేస్తారు, తొందరగా వెళ్లండి" అంది.

అత్తయ్యను నీడలో కూర్చోబెట్టి, పిల్లను కాపలా పెట్టి, తడి జుట్టుతో పరుగెత్తాను. పాసుల కౌంటర్లో ఉన్న కుర్రాడు మా టికెట్ల మీద స్కూలు ముద్ర చూసి తల అడ్డంగా ఊపాడు.

"తగ్గింపు టికెట్లకి ఈ సౌకర్యం లేదండి. పాసు కావాలంటే పూర్తి డబ్బులు కట్టి కొత్తగా తీసుకోవాలి."

పూర్తి డబ్బులంటే మా ఆయన్ని అడగాలి. ఆయన కాదనరు, కానీ ఆపరేషన్‌కు చేసిన అప్పులే ఇంకా తీరలేదు. వెనక్కి తిరగబోతూ ఆగాను. పర్సు లోపలి అరలోంచి పొద్దుటి రసీదు తీసి ఇచ్చాను. చెమ్మకు మెత్తబడింది గాని అక్షరాలు చెరగలేదు.

"పొద్దున తేడా కట్టించుకుని మామూలు టికెట్లు చేశామన్నారండి. అంటే ఇవి ఇంకా తగ్గింపు టికెట్లేనా?"

కుర్రాడు రసీదు అటూ ఇటూ తిప్పి, లోపలికి వెళ్లి, కళ్లజోడు పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"వాకర్‌తో వచ్చిన పెద్దావిడ మీ అత్తగారేగా? నడిచారా?"

"నడిచిందండి" అన్నాను.

"ఇవి పొద్దున్నే మామూలు టికెట్లయినయ్. మార్చెయ్" అన్నాడు కుర్రాడితో.

నేను పర్సు కౌంటరు మీద పెట్టి జిప్పు తీశాను.

ఈసారి మాత్రం చిన్న అక్షరాలకు మోసపోదల్చుకోలేదు. అన్నీ విప్పి అడిగాను. సెలవురోజుల్లో చెల్లని పాసు ఒకటి, అన్ని రోజులూ చెల్లేది ఒకటి. మొదటిది చవక. మాకు కావలసింది జనం లేని రోజులే కాబట్టి అదే చాలు. ఏడాది ఇవాళ్టి నుంచే లెక్క, ఫోటో ఉన్నవాళ్లే రావాలి, ఒకరి పాసు మీద ఇంకొకర్ని పంపరు. వర్షం వచ్చి మూసేస్తే ఆ రోజు పోయినట్టే. పెద్దమనిషి ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పాడు. రెండు పాసులు తీసుకున్నాను, అత్తయ్యకొకటి, నాకొకటి. ఫోటోకని కౌంటరు దగ్గరికి తీసుకొస్తే అత్తయ్య తడి తల దువ్వుకుంటానని పట్టుబట్టింది. నాకేదని మా అమ్మాయి అలిగింది. ఇంటికొచ్చాక నాయనమ్మ నాన్నకు ఎదురెళ్లి "ఆరుసార్లు నడిచా" అని చెప్పేదాకా ఆ అలక తీరలేదు. మా ఆయన మొహం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాత సోమ, బుధ, శుక్రవారాలు మాకు అదే పని. పిల్లను స్కూలుకు పంపి, క్యారియర్ సర్ది, ఆటో ఎక్కటం. బయటి తిండి లోపలికి రానివ్వరని రెండోసారి తెలిసింది. గేటు బయట చెట్టుకింద తిని లోపలికి వెళ్లేవాళ్లం. సెలవులున్నాయేమోనని అత్తయ్య ముందు రోజే క్యాలెండరు చూసుకునేది. వానాకాలంలో కొన్ని రోజులు మేమిద్దరమే ఉండేవాళ్లం. వినుకొండ అమ్మాయి గొడుగు పట్టుకుని గట్టు మీద నడుస్తూ మాతో కబుర్లు చెప్పేది. దసరా నాటికి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. సంక్రాంతి దాటాక ఇంట్లో కర్ర కూడా పట్టుకోవటం మానేసింది. మగ్గం మీద మళ్లీ కూర్చోలేదు, కూర్చోవద్దన్నారు. పడుగు సర్దే వాళ్ల దగ్గర నిలబడి తప్పులు పట్టటం మాత్రం మొదలుపెట్టింది. గొంతు వీధి చివరికి వినపడసాగింది.

పాసు గడువు రేపటితో అయిపోతుందనగా ఆఖరిసారి వెళ్లాం. ఇంకో ఏడాదికి కొనసాగిస్తారా అని పెద్దమనిషి అడిగాడు.

"ఎందుకు నాయనా, నేల మీదే నడుస్తున్నాగా" అంది అత్తయ్య.

ఆ రోజు తిరిగి వస్తుంటే సర్వీసు రోడ్డు మీద ఆటో ఒక్కటీ లేదు. కాసేపు ఎదురుచూశాం. కూడలి దాకా వెళ్తే బస్సు దొరుకుతుంది, కానీ అర కిలోమీటరు ఉంటుంది. నేను ఫోన్ చేద్దామని చూస్తుండగానే ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని నడవటం మొదలుపెట్టింది. గుంటూరు యార్డుకు పోయే మిరపబస్తాల లారీలు వరసగా పక్కనుంచి పోతున్నాయి. ఘాటుకు ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. ఆవిడ ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఈ ఏడు కాయ బాగా ఎండినట్టుందమ్మాయ్" అని మళ్లీ నడిచింది.